తెరమీది నవ్వులు: తుర్కీ కరగోజు, మన కేతిగాడు

తుర్కీ దేశము మనకు బహుదూరము. వారి భాష వేఱు, ఆచారములు వేఱు. అయినను రాత్రివేళ తెల్లని తెర గట్టి, దీపము వెలిగించి, తోలుబొమ్మల నీడలతో జనులను నవ్వించుటయందు వారికిని మనకును ఒక పోలిక కలదు. ఆ వినోదమును తుర్కులు కరగోజు అందురు. నల్లకన్నులవాడని దాని యర్థము. ఆటలోని ముఖ్యపాత్ర పేరే ఆటకును పేరయినది.

దీని పుట్టుకను గూర్చి వారిలో నొక కథ కలదు. పదునాలుగవ శతాబ్దమున ఓర్హాన్ సుల్తాను బుర్సా నగరమున మసీదు కట్టించుచుండెనట. ఆ పనిలో కరగోజు, హాజివాతు అను నిరువురుండిరి. వారి హాస్యమును వినుటకై తక్కిన కూలీలు పనిముట్లు క్రిందబెట్టి గుమిగూడుచుండగా కట్టుబడి సాగదయ్యెను. సుల్తాను కోపించి యిరువురను చంపించి, పిమ్మట మిగుల పరితపించెను. అంతట షేక్ కుష్తెరీ యను నతడు వారి రూపములను చేసి, తెరపై నాడించి, రాజును ఊరడించెనట. ఇది కథ మాత్రమే. 1517లో ఈజిప్టును జయించిన సెలీము సుల్తాను కైరోలో నీడలాటను జూచి మెచ్చి, ఆటగానిని ఇస్తాంబూలునకు రమ్మనెనని ఆ కాలపు ఈజిప్టు చరిత్రకారుడు వ్రాసినాడు.

కరగోజు బొమ్మలు ఒంటెతోలుతో చేయబడును, మూరెడుకు మించవు. ఒక్క ఆటగాడే అన్ని గొంతులను పలుకును. సహాయకుడు డప్పు వాయించును. రంజాను రాత్రులందు కాఫీ అంగళ్లలో ఈ యాటలు విరివిగా జరుగుచుండెడివి. హాజివాతు చదువరి, అరబ్బీ పారసీ పదములు దొరలించుచు మాటలాడును. కరగోజు చదువురానివాడు, ఆ మాటలను తప్పుగా విని, విపరీతార్థములు దీసి, తుదకు వానిని మొట్టును. పామరుడు పండితుని నోరు మూయించుటయే ఆ హాస్యమునకు ప్రాణము.

ఇక మన సంగతి. కోటప్పకొండ తిరునాళ్లకు బోయెడి పల్నాటివారికి శివరాత్రి జాగరణ మెట్టిదో తెలియును. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైలమందలి శివరాత్రి వేడుకలను వర్ణించుచు బొమ్మలాటను గూడ పేర్కొనెను. కావున పదుమూడవ శతాబ్ది నాటికే ఈ విద్య మనకున్నది. మన బొమ్మలు పెద్దవి. నాలుగైదడుగులవియు, అంతకు మించినవియు కలవు. కుటుంబమంతయు ఆటలో పాల్గొనును; స్త్రీలును పాడుదురు. ఆడువేది రామాయణ భారతములే. అయినను ఆ గంభీర కథల నడుమ కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి, ఊరిభాషలో ఎకసక్కెములాడుదురు. వర్షము గోరి ఆడించిన యాటలోనైనను నవ్వునకు చోటుండెను.

నీడలను తెరపై నాడించుటయే సినిమా. 2006లో తుర్కీలో కరగోజు హాజివాతుల కథయే ఎజెల్ అకాయ్ దర్శకత్వమున చలనచిత్రమై వచ్చెను. 2009లో యునెస్కో కరగోజును మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. నేడు ఆ యాట కాఫీ అంగళ్లను విడిచి, పెద్ద పట్టణములందలి ప్రదర్శనశాలలలోను, పాఠశాలలలోను కనబడుచున్నది.

మనకును గౌరవమునకు లోపము లేదు. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ బిరుదము లభించినది. ఆ యూరివారు నేడు తోలుపై చిత్రములు వ్రాసి దీపపు గుడ్డులు చేసి యమ్ముకొనుచున్నారు. దానివలన వారికి జీవనము, చేతిపనికి రక్షణము. కాని దీపపు గుడ్డు మాటలాడదు. దానిపై హనుమంతుడు నిలుచును గాని, కేతిగాని మాట నిలువదు. తోలు చిరిగినచో మరల కోయవచ్చును. వ్రాతలోనికి రాని హాస్యము ముసలివారితో పోవును.

కావున విద్యార్థులారా, మీ యింట తాతలను అవ్వలను అడుగుడు. కేతిగాడు ఏమనెడివాడు, బంగారక్క ఎట్లు బదులిచ్చెడిది, ఏ మాటకు ఊరంతయు నవ్వెను, వారు చెప్పినది చెప్పినట్లు మీ పుస్తకములలో వ్రాసికొనుడు. మోటుమాట యని దిద్దకుడు. దిద్దినచో అది హాజివాతు మాట యగును.

ఆట ముగియునప్పుడు కరగోజు నాలుక తడబాటులకు సభవారిని మన్నింప వేడును. ఈ వ్యాసమును చదివినవారిని నేనును అట్లే వేడుకొనుచున్నాను.