గోగునార, కొబ్బరి పీచు: సిమెంటులో నిలిచే బలం ఏది?

జనపనార, గోగునార వర్తకంలో సరుకు బలాన్ని చేతితోనే చూస్తారు. కట్టలో నుంచి నాలుగు పోగులు తీసి, రెండు చేతుల మధ్య బిగించి, కుదుపు లేకుండా లాగి, తెగినప్పుడు వచ్చే చప్పుడును బట్టి రకం నిర్ణయించడం అనుభవజ్ఞుల పద్ధతి. సంచుల మిల్లుకు పోయే సరుకుకు ఈ పరీక్ష సరిపోతుంది. మిల్లుకు కావలసింది మగ్గం మీద తెగని నూలు మాత్రమే.

సిమెంటు పలకలు, రేకులు, గోడ పూతలలో మొక్కల నారలు కలిపే విషయమై పరిశోధనలు పెరిగిన కొద్దీ మరొక ప్రశ్న వచ్చింది. నార బలంలో ఉక్కుకు తీసిపోదన్న మాట తరచు వినవస్తున్నది. ఆ మాట నమ్మి, గృహ నిర్మాణ రంగం నుంచి గిరాకీ వచ్చి ధర పెరుగుతుందని రైతు, వర్తకుడు ఆశ పెట్టుకోవచ్చునా? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో గోగు సాగు ఒకప్పటికంటే బాగా తగ్గిపోయిన స్థితిలో ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు. విదేశీ వర్తకులు గోగునారను భీమునిపట్నం రేవు పేరు మీద ‘బిమ్లిపటం జూట్’ అని పిలిచిన రోజులు పోయాయి. ఆ పేరు పుస్తకాలలో మిగిలింది.

ముందు పరీక్ష ఎట్లా చేస్తారో చూద్దాము. మధ్యలో కిటికీ కోసిన చిన్న కాగితపు చట్రంపై ఒక్క పోగును రెండు చివరలా జిగురుతో అతికిస్తారు. చట్రాన్ని యంత్రం దవడల మధ్య బిగించిన తరువాత ప్రక్క అంచులు రెండూ కత్తిరిస్తారు. అప్పుడు లాగుడు అంతా పోగు మీదనే పడుతుంది. దవడ దగ్గరే తెగిన పోగులను లెక్కలోనికి తీసుకోరు. తేమ మారితే నార బలం మారుతుంది గనుక, గది గాలిలో తేమను 65 శాతం వద్ద నిలిపి, నారను అందులో ఆరనిచ్చిన తరువాతనే లాగుతారు.

తెగిన బరువును పోగు మందంతో భాగిస్తే బలం వస్తుంది. చిక్కంతా ఈ భాగహారంలోనే ఉన్నది. ఒక కొబ్బరి పీచు పోగు 750 గ్రాముల బరువు వద్ద తెగిందనుకుందాము. దాని అడ్డుకొలత 0.25 మిల్లీమీటరు అని వ్రాస్తే బలం చదరపు మిల్లీమీటరుకు 15 కిలోలు. అదే 0.22 అని వ్రాస్తే దాదాపు 20 కిలోలు. కంటికి ఆనని మూడు వందల వంతు తేడాతో సరుకు మూడవ వంతు బలపడినట్లు కనబడుతుంది! పోగు గుండ్రంగా ఉండదు, లోపల బోలుగా ఉంటుంది, మొదలు నుంచి కొసకు సన్నబడుతుంది. కనుక ఒకే పోగును నాలుగు చోట్ల కొలవాలి. పోగు పొడవు కూడా ముఖ్యమే. పొడవు పెరిగిన కొద్దీ ఎక్కడో ఒక బలహీనమైన చోటు తగలక తప్పదు. సెంటీమీటరు పోగు ఇచ్చిన అంకెను అయిదు సెంటీమీటర్ల పోగు ఇవ్వదు. ఎంత పొడవు మీద లాగారో చెప్పని అంకెను నమ్మవలసిన పని లేదు.

మందం కొలిచే బాధ తప్పించడానికి పోగులను కట్టగా లాగి, బరువును బట్టి లెక్క కట్టే పద్ధతి ఉన్నది. జనపనార పరిశ్రమ వాడే ‘టెక్స్‌కు ఇన్ని గ్రాములు’ అన్న లెక్క ఇదే. కిలోమీటరు పొడవు ఒక గ్రాము తూగితే అది ఒక టెక్స్. ఈ అంకెను నార సాంద్రతతో హెచ్చవేస్తే చదరపు మిల్లీమీటరుకు కిలోలు వస్తాయి. సాంద్రత 1.45 అనుకుంటే, టెక్స్‌కు 20 గ్రాముల నార 29 కిలోలకు సమానం. మామూలు ఉక్కు కడ్డీ 25 కిలోల దగ్గర సాగడం ప్రారంభిస్తుంది గనుక ఉక్కుతో పోలిక పుట్టింది. పోలిక అబద్ధం కాదు గాని, అది పొడి గదిలో, కొత్త నారకు మాత్రమే చెల్లుతుంది.

సిమెంటు లోపలి తేమ గాఢమైన క్షారం. నార పోగు అంటే కొద్ది మిల్లీమీటర్లకు మించని చిన్న కణాలను లిగ్నిన్ వంటి పదార్థాలు జిగురు వలె పట్టి ఉంచిన కట్ట. క్షారం ఆ జిగురును కరిగిస్తుంది. పోగు చూపుకు అట్లాగే ఉండి, లోపల ముక్కలవుతుంది. సున్నం కణాల మధ్య పేరుకుని పోగును పెళుసు చేస్తుంది. స్వీడన్‌లో గ్రామ్ అనే పరిశోధకుడు 1983లో ప్రచురించిన గ్రంథం ఈ సంగతిని వివరించింది. మనకు ఇంకా దగ్గరైన పరీక్ష పుదుచ్చేరి ఇంజనీరింగ్ కళాశాలకు చెందిన జి. రామకృష్ణ, టి. సుందరరాజన్‌లది; ఫలితాలు 2005లో వెలువడ్డాయి. కొబ్బరి పీచు, కిత్తనార, జనపనార, గోగునారలను నీటిలోను, సున్నపు నీటిలోను, కాస్టిక్ సోడా ద్రావణంలోను 60 రోజులు ఉంచి చూశారు. మొదటి బలంలో ఎక్కువ వంతు నిలుపుకున్నది కొబ్బరి పీచు.

ఇది బజారు లెక్కను తలక్రిందులు చేసే ఫలితం. కొత్తగా లాగినప్పుడు కొబ్బరి పీచు బలం సాధారణంగా 10 నుంచి 20 కిలోలు. జనపనార, కిత్తనారల వంటివి 40 కిలోలు దాటడం సామాన్యం. కాని కొబ్బరి పీచులో లిగ్నిన్ దాదాపు 40 శాతం ఉండగా, జనపనారలో సుమారు 12 శాతమే. పైగా కొబ్బరి పీచు తెగే ముందు 15 శాతానికి పైగా సాగుతుంది. జనపనార జాతి రెండు శాతం దగ్గరే తెగుతుంది. పలక పగిలినప్పుడు ముక్కలను విడిపోనీయకుండా పట్టుకోవడానికి ఈ సాగుడు పనికివస్తుంది. కోనసీమ పీచుకు సిమెంటు పనిలో గోగునారకంటే మెరుగైన హక్కు ఉన్నదనే చెప్పాలి.

అంతమాత్రాన గోగునారకు నిర్మాణంలో చోటు లేదని కాదు. జిప్సం పూతలో ఈ క్షారం లేదు. మట్టి ఇటుకలోనూ లేదు. రెజిన్‌తో అతికే పలకలలోనూ లేదు. అక్కడ కొత్త నార బలమే చాలా వరకు అసలు బలం. సిమెంటులోనైనా కొంత భాగానికి బదులు బూడిద కలిపితే క్షారం తగ్గి నార ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇది ధర్మల్ కేంద్రాల బూడిద దొరికే మన ప్రాంతానికి అనుకూలమే. అయితే 1987 నాటి చట్టం కారణంగా ధాన్యానికి, పంచదారకు కావలసిన సంచులే ఈ నారలకు గట్టి ఆధారం. సిమెంటు గిరాకీని నమ్ముకుని సరుకు నిలవ చేయడం తొందరపాటు.

నిర్మాణ పనికి నమూనా పంపేవారు నారను ఎన్ని రోజులు నీటిలో ఊరవేశారో, మొదలు భాగమో నడిమి భాగమో చీటీ మీద వ్రాయాలి. అతిగా ఊరిన నార శుభ్రంగా కనబడినా బలం పోగొట్టుకుంటుంది. నివేదికలో సగటుతో పాటు అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెను కూడా అడగాలి. ప్రయోగశాలకు పోకముందే ఇంటి దగ్గర చేసుకోదగిన పరీక్ష ఒకటి ఉన్నది. సున్నపు తేటను గాజు సీసాలో పోసి, ఒకే కట్టలోని పోగులు సగం అందులో ముంచి, సగం పొడిగా దాచాలి. మూత బిగుతుగా లేకపోతే గాలి తగిలి పైన పొర కట్టి తేట పదును పోతుంది. నెల తరువాత పోగులు తీసి, కడిగి, నీడన ఆరబెట్టి, రెండు రకాలనూ ఒకే చేతితో లాగి చూడాలి.