క్రొపోట్కిన్ బాంబులవాడూ కాదు, మహర్షీ కాదు

రష్యా విప్లవకారుల్లో పీటర్ క్రొపోట్కిన్‌ది ఓ వింత దురదృష్టం. పొగిడినవాళ్లూ తిట్టినవాళ్లూ పోటీపడి ఆయన్ని కట్టుకథల కింద పూడ్చేశారు. ఒకరికి ఆయన తెల్లగడ్డం మహర్షి, ఇంకొకరికి బాంబులు నూరిపోసిన అరాచకవాది. 1842లో మాస్కోలో పుట్టి, 1921లో ద్మిత్రోవ్ అనే చిన్న పట్టణంలో కన్నుమూసిన ఈయన సైనికుడిగా, భూగోళ శాస్త్రవేత్తగా, ఖైదీగా, ప్రవాసిగా, చరిత్రకారుడిగా బతికాడు. ఏం చెప్పినా సాక్ష్యం చూపించి చెప్పాలనుకునే మనిషి మీద ఇన్ని సాక్ష్యం లేని మాటలు పుట్టడం విచిత్రమే.

అపోహ: విప్లవం మాట్లాడినా చివరిదాకా ‘ప్రిన్స్’ హోదా వదులుకోలేదు.

ఆ బిరుదును అంటిపెట్టుకున్నది ఆయన కాదు, ఆయన గురించి రాసినవాళ్లు. తండ్రికి మూడు రాష్ట్రాల్లో కలిపి, మగవాళ్లనే లెక్కేసినా, దాదాపు 1,200 మంది అర్ధబానిస రైతులు ఉండేవారు. అలాంటి ఇంట్లో పిల్లవాడికి చదువు చెప్పడానికి వచ్చిన ఫ్రెంచి మాస్టారు పూలాఁ ఒకరోజు ఫ్రెంచి విప్లవకాలపు కథ చెప్పాడు. మిరాబో ప్రభువు తన బిరుదు వదిలేసి, ‘మిరాబో, దర్జీ’ అని బోర్డు పెట్టుకుని దుకాణం తెరిచాడట. అందులో నిజమెంతో పక్కనపెడదాం. పన్నెండేళ్ల పీటర్ మాత్రం తనకు ఏ పని చేతనవునో, బోర్డు మీద ఏమని రాసుకోవాలో అని తెగ ఆలోచించాడు. అప్పట్నించీ సంతకం ‘పి. క్రొపోట్కిన్’ అనే. ఉద్యోగంలో పైఅధికారులు అభ్యంతరం చెప్పినా మార్చలేదు.

అపోహ: ఎవరూ తప్పించుకోలేని పీటర్ అండ్ పాల్ కోటలోంచి పారిపోయాడు.

1874లో అరెస్టయ్యాక ఆయన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఆ జైలు కోటలో పెట్టిన మాట నిజమే. ఫిన్లాండ్, స్వీడన్‌లలో హిమనదాల జాడల మీద మొదలుపెట్టిన నివేదికను అక్కడే పూర్తి చెయ్యడానికి అనుమతి కూడా దొరికింది. కాకపోతే కాగితం, కలం సూర్యాస్తమయం దాకానే. రెండేళ్లకు ఆరోగ్యం పాడైంది. చివరికి సైనిక ఆస్పత్రికి మార్చారు. ఆయన పారిపోయింది కోటలోంచి కాదు, ఈ ఆస్పత్రి పెరట్లోంచి.

పెరట్లో రోజూ కాసేపు నడవనిచ్చేవాళ్లు. కట్టెల బళ్ల కోసం గేటు తెరిచి ఉంచేవాళ్లు. అంతా సిద్ధమైతే బయట ఎర్ర బుడగ ఎగరెయ్యాలన్నది మొదటి పథకం. తీరా ఆ రోజు ఊళ్లో పనికొచ్చే బుడగే దొరకలేదు. మిత్రులు ఓ పాత బుడగలో సొంతంగా గ్యాసు నింపి చూశారు. అది గోడ ఎత్తుకు కూడా లేవలేదు. మర్నాడు ఒక బంధువు ఆయనకు పంపిన గడియారంలో రహస్య లిపిలో రాసిన చీటీ దాచి పెట్టారు. ఈసారి సంకేతం వయొలిన్. ఎదురింట్లో పాట మొదలవగానే పరుగు. ఒంటి మీద కాళ్లకు అడ్డంపడే పొడుగాటి పచ్చ ఫ్లానెల్ గౌను. దాన్ని రెండే కదలికల్లో విసిరెయ్యడం ముందే గదిలో సాధన చేసుకున్నాడు. బాయొనెట్ చాచి వెంటపడిన సైనికుడు అందుకున్నంత పని చేశాడు. అదే సమయంలో గేటు దగ్గరి కాపలావాణ్ణి ఒక మిత్రుడు సూక్ష్మదర్శినిలో కనిపించే పురుగుల కబుర్లలో ముంచేశాడు. ఆ సాయంత్రం పోలీసులు ఇళ్లూ వాకిళ్లూ గాలిస్తుంటే, క్రొపోట్కిన్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఖరీదైన దోనోన్ హోటల్లో భోజనం చేశాడు. అక్కడ వెతకాలని ఎవరికి తడుతుంది!

అపోహ: బాకు, తుపాకి, డైనమైట్‌లతో నిత్య తిరుగుబాటు చెయ్యమని పిలుపిచ్చాడు.

పుస్తకం వెనక పుస్తకం ఎత్తిరాసుకున్న నింద ఇది. ‘ల రెవొల్తె’ పత్రికలో 1880 డిసెంబరులో ఆ పిలుపుతో వచ్చిన వ్యాసం రాసింది ఇటలీ అరాచకవాది కార్లో కాఫియేరో. పత్రిక పెట్టి నడిపింది క్రొపోట్కిన్ కాబట్టి వ్యాసాన్నీ ఆయన ఖాతాలో వేసేశారు. 1883లో లియోన్ కోర్టు ఆయనకు ఐదేళ్ల శిక్ష వేసిందీ బాంబు వేసినందుకు కాదు, కార్మికుల ఇంటర్నేషనల్‌లో సభ్యుడన్న నేరానికి. శతాబ్దాల చరిత్ర మీద నిలబడ్డ వ్యవస్థ కొద్ది కిలోల మందుగుండుతో కూలదని ఆయన తర్వాత స్పష్టంగానే రాశాడు. అలాగని అహింసావాది అనుకుంటే అదీ పొరపాటే. జారు రెండో అలెగ్జాండర్ హత్యకేసులో ఉరికంబమెక్కిన సోఫియా పెరొవ్‌స్కాయా ఒకప్పుడు ఆయన ఉద్యమ సహచరి. ఆమె గురించి గౌరవంతోనే రాశాడు.

అపోహ: డార్విన్‌ను వ్యతిరేకించాడు.

ఇది బాగా చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. ఆయన తగాదా డార్విన్‌తో కాదు, జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీతో. మనుగడ కోసం జరిగేదంతా కత్తులు దూసే పోరాటమన్నట్టు 1888లో ఒక పత్రికలో హక్స్‌లీ రాసిన వ్యాసానికి, 1890 నుంచి అదే పత్రికలో క్రొపోట్కిన్ వరసగా జవాబులిచ్చాడు. అవే 1902లో ‘మ్యూచువల్ ఎయిడ్’ పుస్తకమయ్యాయి. యువ అధికారిగా సైబీరియాలో తిరిగిన ఐదేళ్లూ ఒకే జాతి జంతువుల మధ్య ఆ భీకరమైన పోటీ కనిపిస్తుందేమోనని వెతికాడు. కనిపించింది వేరు. మంచు ముంచుకొస్తుంటే వేలకొద్దీ జింకలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఒక్కచోట చేరి, ఆమూర్ నదిని సన్నగా ఉన్నచోట దాటడం. పోరాటం లేదని ఆయన అనలేదు. సహకారమూ పరిణామానికి ఒక కారకమేనన్నాడు, పుస్తకం ఉపశీర్షికే ఆ మాట చెబుతోంది.

ఇంకో సంగతి. దీన్ని జీవశాస్త్ర గ్రంథమని అంటారు గానీ, ఎనిమిది అధ్యాయాల్లో జంతువులకు దక్కింది రెండే. మిగతా ఆరూ ఆదిమ తెగలు, గ్రామ సముదాయాలు, మధ్యయుగ నగరాలు, ఆధునిక సంఘాల చరిత్ర.

చరిత్రకారుడిగా ఆయన అసలు సత్తా 1909లో వచ్చిన ఫ్రెంచి విప్లవ చరిత్రలో ఉంది. 1789 ఆగస్టు 4 రాత్రి ప్రభువులు త్యాగబుద్ధితో హక్కులన్నీ వదులుకోగా ఫ్యూడలిజం అంతరించిందని మన పాఠ్యపుస్తకాల్లో కూడా చదువుకున్నాం. క్రొపోట్కిన్ ఆ తర్వాత వచ్చిన శాసనాలను ఒక్కొక్కటే విప్పి చూపించాడు. భూమి మీది శిస్తులు పోలేదు, పోవాలంటే రైతే డబ్బు కట్టి విడిపించుకోవాలి. పరిహారం లేకుండా వాటిని పూర్తిగా రద్దుచేసింది 1793 జులై 17 నాటి చట్టం. ఆ నాలుగేళ్లూ పల్లెలు తిరగబడుతూ ఉండకపోతే ఆ చట్టం వచ్చేదే కాదన్నది ఆయన వాదన. సభలో ఉపన్యాసాలు దంచినవాళ్ల వెనక, ఆ శిస్తుల పత్రాలు తగలబెట్టిన రైతుల్ని ఆయన చరిత్ర మధ్యలోకి తెచ్చాడు. అభిమానం దాచుకోలేదు, నిజమే. అయినా బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని ఆనాటి కరపత్రాలు తిరగేసి రాసిన పుస్తకాన్ని ప్రచార సాహిత్యమని కొట్టిపారెయ్యడం అన్యాయం.

ఆయన్ని మహర్షిని చేసినవాళ్లకు మింగుడుపడని అధ్యాయం మొదటి ప్రపంచయుద్ధం. జర్మనీకి వ్యతిరేకంగా మిత్రరాజ్యాల పక్షం వహించాడు. మలటెస్టా వంటి పాత నేస్తాలు బహిరంగంగా తప్పుపట్టారు. ఆ వైఖరితో 1916లో వచ్చిన ప్రకటనకు ‘పదహారుమంది ప్రకటన’ అని పేరు. సంతకాలు పెట్టింది పదిహేనుమందే. ఒకాయన తన పేరు పక్కన రాసుకున్న అల్జీరియా ఊరు హుసేన్ డేని ఇంకో మనిషిగా లెక్కవేశారు! సైన్యాల్నీ రాజ్యాల్నీ జీవితమంతా తూర్పారబట్టిన మనిషి ఆ ప్రకటన మీద సంతకం పెట్టడం తప్పే. సర్దిచెప్పక్కర్లేదు.

అపోహ: చివరికి లెనిన్‌తో రాజీపడ్డాడు.

1917లో నలభై ఏళ్ల ప్రవాసం ముగించుకుని వచ్చినప్పుడు తాత్కాలిక ప్రభుత్వ నాయకుడు కెరెన్‌స్కీ ఇవ్వజూపిన మంత్రి పదవినే కాదన్నాడు. 1919 మేలో లెనిన్‌ను క్రెమ్లిన్‌లో కలిశాడు, సహకార సంఘాల గురించి మాట్లాడాడు. లెనిన్‌కు ఆయన ఫ్రెంచి విప్లవ చరిత్ర అంటే గౌరవం. కానీ 1920 మార్చిలో ద్మిత్రోవ్ నుంచి రాసిన ఉత్తరంలో తపాలా ఉద్యోగులు ఆకలితో అలమటిస్తున్నారనీ, సోవియట్ల పేరుతో నడుస్తున్నది పార్టీ పెత్తనమేననీ మొహంమీదే చెప్పాడు. డిసెంబరులో ఇంకో ఉత్తరం. రాజకీయ ప్రత్యర్థుల్ని బందీలుగా పట్టుకోవడం మధ్యయుగాల పద్ధతన్నాడు. ఏడువారాలకే, 1921 ఫిబ్రవరి 8న పోయాడు. అంత్యక్రియలకు రావడానికి జైల్లోని కొందరు అరాచకవాదుల్ని ఒక్కరోజు వదిలారు. వాళ్లు మాట తప్పకుండా సాయంత్రానికి తిరిగి జైలుకెళ్లారు.

మాస్కో మెట్రోలో ఆయన పేరిట స్టేషనుంది. దక్షిణ రష్యాలో ఒక ఊరికీ ఆయన పేరే. పుట్టిన ఇంట్లో పెట్టిన మ్యూజియం మాత్రం స్టాలిన్ కాలంలోనే మూతపడింది. క్రొపోట్కిన్‌ను కొత్తగా చదవాలనుకునేవాళ్లు 1899లో వచ్చిన ఆత్మకథతో మొదలుపెట్టి, ఆ వెంటనే లెనిన్‌కు రాసిన ఆ రెండు ఉత్తరాలూ చదవాలి.