వార్తల్లో పదం: స్క్రూ క్యాప్

కార్కు బిరడా గుండా గాలి సోకిననే గాని సీసాలోని శ్వేత ద్రాక్షాసవము, అనగా వైట్ వైన్, పరిపక్వము కానేరదని చిరకాలముగా నొక నమ్మకము ప్రబలియుండెను. దక్షిణ ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయకు చెందిన, రీస్లింగ్ అను శ్వేత ద్రాక్షాసవపు ఉత్పత్తిదారులు పలువురు, కార్కు నుండి టి.సి.ఎ. అను రసాయనము వలన సంక్రమించు తడిసిన అట్టపెట్టె కంపునకు విసిగి, కూడబలుకుకొని 2000వ సంవత్సరపు పంటకు అల్యూమినియపు మరమూతలు, అనగా స్క్రూ క్యాపులు, బిగించిరి. మూత లోపలి తగరపు పొర ప్రాణవాయువును అత్యల్పముగానే లోనికి రానిచ్చును. అయినను ఎస్టరులు మొదలగు పరిమళ పదార్థములలో నెమ్మదిగా జరుగు మార్పులు పెక్కింటికి ఆ వాయువుతో పని లేదు గాన, యౌవనమున నిమ్మపండు పరిమళించిన రీస్లింగ్, ఏండ్లు గడచిన కొలది తేనె, కాల్చిన రొట్టె, కిరసనాయిలు వాసనలను సంతరించుకొనును. (కిరసనాయిలును మెచ్చు రసికులును కలరు, ఎవరి రుచి వారిది!) గాలి మరీ కొరవడినచో మాత్రము గంధక సమ్మేళనములు పేరుకొని, మూత తీయగనే చెకుముకిరాతి వాసనయో, రబ్బరు వాసనయో గుప్పుమనును, అట్లు కాకుండ సీసాలో నింపుటకు ముందే జాగ్రత్తపడవలసినవాడు తయారీదారుడే.