బోధన్‌ను ఏలిన సామంతులు ఎలా ఎదిగారు?

2015లో మూతపడేదాకా చక్కెర ఫ్యాక్టరీ, దాని చెరకు తోటలే బోధన్‌కు గుర్తు. 8వ శతాబ్దంలో మాత్రం అది పోదన, ఒక రాజవంశానికి తొలి రాజధాని. ఆ వంశమే తర్వాత వేములవాడ చాళుక్యులుగా పేరుకెక్కింది.

సుమారు 753లో రాష్ట్రకూటులు బాదామి చాళుక్యులను కూలదోసి దక్కనును గెలిచారు. అంత నేలను ఒక్కచోటి నుంచి ఏలడం కష్టం. పైగా తూర్పున వేంగి చాళుక్యులతో ఎడతెగని పోరు. సరిహద్దులో సొంత సేనలున్న సామంతులు వాళ్లకు తప్పనిసరి అయ్యారు. ఆ అవసరమే పోదన పాలకులకు బలం.

ఆ వంశపు రాజు యుద్ధమల్లుడు పోదనలో కొలను నిండా నూనె పోయించి ఏనుగులకు స్నానం చేయించాడని పర్భణీ రాగిరేకులు చెబుతాయి. పొగడ్త పాలు ఎక్కువే! అయినా గజబలమే రాజు గొప్పతనమని అందులో చక్కగా తెలుస్తుంది. తర్వాతి రాజుల్లో బద్దెగుడు 42 యుద్ధాలు చేశాడని ప్రతీతి. రెండో అరికేసరి ఏకంగా రాష్ట్రకూట సింహాసనం ఎవరిదో తేల్చడంలోనే చెయ్యి వేశాడు. మహాకవి పంపడు ఆయన ఆస్థానంలోనివాడే.

కత్తి ఒక్కటే చాలదు, మతం అండా కావాలి. 966లో మూడో అరికేసరి వేములవాడ జినాలయం కోసం జైన పండితుడు సోమదేవసూరికి ఊరు దానమిచ్చాడు. యూరప్‌లోనూ ఇదే తీరు. సరిగ్గా అదే ఏడాది పోలెండ్‌లో స్లావు పాలకుడు మియెష్కో క్రైస్తవం స్వీకరించాడు. 955లో జర్మన్ల చేతిలో ఓడి పడమటి దాడులు మానుకున్న హంగేరీ మజ్యార్లకు 1000 ప్రాంతంలో క్రైస్తవుడైన స్టీఫెన్ రాజయ్యాడు. రాతకోతలు తెలిసిన మతగురువులు అక్కడ కొత్త రాజ్యాలకు పాలన నేర్పారు.

973లో రాష్ట్రకూటులు పడిపోయారు. వారితోపాటే వేములవాడ వంశమూ కనుమరుగైంది.