అంబులెన్స్ సేవ తెచ్చిన అధినేత కంపెనీలో లెక్కలు తప్పు

కంపెనీ దానధర్మాలు చేస్తోందంటే లెక్కలు కూడా సరిగ్గా ఉన్నట్టేనా? 1991 తర్వాత మన మార్కెట్లు తెరుచుకున్నాయి, కంపెనీలు పెరిగాయి, నిఘా మాత్రం అంత పెరగలేదు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ కథ అదే.

2005లో 108 అంబులెన్స్ సేవ మొదలైంది సత్యం అధినేత రామలింగరాజు చొరవతోనే. ఎన్నో ప్రాణాలు నిలిచాయి, అది కాదనలేం. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు, అంటే కంపెనీని నిజాయితీగా నడుపుతున్నందుకు, అవార్డు కూడా వచ్చింది! అదే డిసెంబర్‌లో రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనడానికి బోర్డు ఒప్పేసుకుంది. ప్రశ్నించాల్సిన స్వతంత్ర డైరెక్టర్లు ఒక్కరూ వద్దనలేదు. ఇన్వెస్టర్లు గొడవ చేస్తే గంటల్లో వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రాజు తానే లేఖ రాశారు: పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు లేనే లేవు. ఆ ఒక్కరోజే షేరు ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది.

2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి రూ.5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ, మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక సేవకు ఖర్చు పెట్టాలి. మంచిదే. కానీ షేర్లు కొనేవాళ్లు వార్షిక నివేదికలో ఆ సేవ ఫొటోల దగ్గర ఆగొద్దు. ఆడిటర్ ఏం రాశారు, యజమాని బంధువుల కంపెనీలతో లావాదేవీలేంటి, యజమాని షేర్లు తాకట్టులో ఉన్నాయా చూడండి. ఆ తాకట్టు వివరాలు బయటపెట్టాలని సెబీ రూల్ తెచ్చింది కూడా సత్యం బయటపడ్డాకే.