లీవు ఎక్కడ పెట్టాలి?

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు రాసిన ఒక్క ఇంగ్లీషు వాక్యం వల్ల మా బాపు నౌకరీ పోయింది.

అప్పుడు బాపు షోలాపూర్‌లో ఒక మిల్లులో పనిచేస్తుండె. ఊర్లో పెళ్లి ఉంది, వారం సెలవు కావాలి. మరాఠీలో అర్జీ ఇచ్చినా నడిచేది. కానీ “ఇంగ్లీషుల రాయి బిడ్డా, సాహెబ్ ముంగట జర ఇజ్జత్ ఉంటది” అన్నడు. నేను హుషారుగా “ఐ లీవ్ మిల్ ఫ్రం మండే” అని రాసిచ్చాను. కింద బాపు తెలుగులో సహీ పెట్టిండు.

పెళ్లి నుంచి తిరిగి వచ్చేసరికి మస్టర్‌లో పేరు లేదు. “సోమవారం నుంచి మిల్లు విడిచిపెడుతున్నాను” అని నువ్వే రాసిచ్చినవు కదా అని ఆ కాగితం చూపించారు. ఒక్క మాట అడిగి ఉంటే తెలిసిపోయేది, ఎవరూ అడగలేదు. యూనియన్ పెద్దమనిషి బతిమాలితే రెండు నెలలకు మళ్లీ తీసుకున్నారు, కానీ కొత్త మనిషి లెక్కన. అప్పటికి బాపు సర్వీసు నాలుగేళ్లు. అప్పట్లో ఉన్న 1972 గ్రాట్యుటీ చట్టం ప్రకారం అయిదేళ్లు ఆగకుండా చేస్తేనే, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున వచ్చేది. నాలుగేళ్లకు అరవై రోజుల జీతం. అది నా వాక్యంలో కొట్టుకుపోయింది.

ఇప్పుడు సాయంత్రాలు గుడి వెనక గదిలో మన పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నాను. మొదటి రోజు ఏబీసీడీలు చెప్పను, ఈ లీవ్ సంగతే చెప్తాను.

తెలుగులో “పులి రాజును చంపింది” అన్నా, “రాజును పులి చంపింది” అన్నా చచ్చింది రాజే. ఆ “ను” మాటకు అతుక్కుని ఉంటుంది, మాట ఎక్కడికి జరిగినా అర్థం మారదు. ఇంగ్లీషులో అట్ల అతుక్కునేది లేదు. చోటే అర్థం. ముందు ఎవరు, తర్వాత ఏం చేస్తున్నారు, ఆ తర్వాత దేన్ని. “ఐ” పక్కన పెడితే లీవ్ “విడిచిపోతున్నాను” అవుతుంది. “ఐ నీడ్ లీవ్” అంటే, నీడ్ ఆ చోట కూర్చుంది కాబట్టి లీవ్ సెలవు అవుతుంది. మనం ఇంట్లో “లీవు పెట్టిన” అంటాం కదా, అందుకే నాకు ఆ మాట తెలిసినట్టే అనిపించింది.

ఇంకో చిక్కు ఉంది. మనం “నాకు సెలవు కావాలె” అంటాం, మరాఠీలో “మలా రజా పాహిజే”. రెండింటిలోనూ ముందు “నాకు”, చివర “కావాలె”. బడిలో, ఇంట్లో అదే వరస విన్న పిల్లలు “టు మీ లీవ్ వాంట్” అని రాస్తారు. వాళ్లను తిట్టకండి, అది మొద్దుతనం కాదు. రెండు భాషలు సరిగ్గా వచ్చినందుకే ఆ తప్పు వస్తుంది.

సర్వీసు కాగితాల్లో ఎక్కువగా కనిపించేది “సిన్స్ ట్వెంటీ ఇయర్స్”. మనకు “ఇరవై ఏళ్ల నుంచి”, “1998 నుంచి” రెండింటికీ ఒకటే “నుంచి”. ఇంగ్లీషులో మొదలైన రోజు చెప్తే సిన్స్, ఎంత కాలమో చెప్తే ఫర్. “ఫర్ ట్వెంటీ ఇయర్స్”, “సిన్స్ 1998”. పెద్దక్షరాలంటారా, మన లిపిలోనూ మరాఠీ లిపిలోనూ అవి లేవు. పేరుకు, ఊరికి, నెలకు, వాక్యం మొదలుకు పెట్టాలి. “ఐ” అనే మాట ఎక్కడున్నా పెద్దదే.

అర్జీ అంటే నాలుగు వాక్యాలు చాలు. ఏం కావాలో మొదటి వాక్యంలోనే రాయాలి. ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, ఎందుకు, మళ్లీ ఏ రోజు పనికి వస్తారు. ఈ చివరిది మర్చిపోవద్దు. మా బాపు అర్జీలో ఆ ఒక్క ముక్క ఉన్నా నౌకరీ నిలిచేదేమో. ఇచ్చే ముందు ఒక నకలు ఇంట్లో ఉంచుకోండి.

పోయిన వారం ఒక బీడీ కార్మికురాలి బిడ్డ అమ్మ కోసం అర్జీ రాసి తెచ్చింది. బాపు గుమ్మంలో కూర్చొని ఉన్నడు. చదవడం రాదు, అయినా కాగితం చేతికి తీసుకున్నడు. “నీడ్ ఏడుంది, చూపియ్ బిడ్డా” అన్నడు. ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది.