పెరటి కుళాయి కారితే పోయేది నీరొక్కటే కాదు

చోడవరం: పెరట్లో కుళాయి కారుతుంటే చాలా ఇళ్లలో కింద గిన్నె పెట్టి ఊరుకుంటారు. మూతి విరిగిపోతే కర్రముక్కకు గుడ్డ చుట్టి బిరడాగా కొడతారు. పోయేది కాసిని నీళ్లేగా అనుకుంటారు. నిజానికి పోయే నీటికన్నా లోపలికి వచ్చే మురుగుతోనే ఎక్కువ ముప్పు.

2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన చోడవరం ప్రాంతంలోనైనా, మరెక్కడైనా వేళకు వచ్చి ఆగిపోయే కుళాయిల తీరు ఒకటే. నీరు వస్తున్నంతసేపు పైపులోని ఒత్తిడి బయటకు తోస్తుంది. ఆగగానే పైపు ఖాళీ అవుతూ లోపలికి పీలుస్తుంది. అప్పుడు విరిగిన పైపు బురదలో ఉన్నా, రబ్బరు గొట్టం కొస కుడితి తొట్టిలో ఉన్నా ఆ నీరే లోపలికి ఎక్కుతుంది. మర్నాడు అదే బిందెలోకి వస్తుంది. విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు ఇలాంటి నీటితోనే వ్యాపిస్తాయి. కుళాయి ఒక ఇంటిదే అయినా పైపు వీధంతటికీ ఒకటే.

నష్టమూ తక్కువ కాదు. ఇంటిపై ట్యాంకుకు బిగించిన కుళాయి కింద పది నిమిషాలకు 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండితే రోజుకు దాదాపు 29 లీటర్లు పోయినట్టే. 2019లో ప్రకటించిన జలజీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు ఇవ్వదలచింది 55 లీటర్లు. అంటే అందులో సగానికి పైనే.

ఎక్కడ కారుతోంది?

ముందు పొడిగుడ్డతో తుడిచి చూడాలి. గట్టిగా కట్టినా మూతి నుంచి చుక్కలు పడితే లోపలి వాషరు అరిగినట్టు. నీటి వాల్వు కట్టేసి, కుళాయి పైనట్టు విప్పి, అదే సైజు వాషరు వేస్తే సరిపోతుంది. వాషరు ఆనే చోట ఇసుక రేణువుంటే తుడవాలి. అక్కడ గుంటలు పడితే కుళాయి మార్చాల్సిందే. తిప్పినప్పుడు పిడి మొదట్లో కారితే అక్కడి నట్టును కొద్దిగా బిగించి చూడాలి. ఒకే ముక్కగా వచ్చే ప్లాస్టిక్ కుళాయి పాడైతే కొత్తది వేయడమే మేలు.

మార్చే పద్ధతి

ఇళ్లలో ఎక్కువగా వాడేది అరంగుళం కుళాయి. అయినా పాతదాన్ని కొట్టుకు తీసుకెళ్లి సరిచూసుకోవాలి. ఇంటికి వాల్వు లేకపోతే నీరు రాని వేళ పని పెట్టుకోవాలి. పాత కుళాయి విప్పేటప్పుడు ఒక రెంచితో పైపును కదలకుండా పట్టుకోవాలి. లేకుంటే గోడలోని అతుకు ఊడుతుంది. పైపు మరల్లోని తుప్పు, పాత టేపు శుభ్రం చేయాలి.

కొత్త కుళాయి మర కొస మనవైపు ఉండేలా పట్టుకొని, గడియారం ముల్లు తిరిగే దిక్కున తెల్ల టేపు ఐదారు చుట్లు బిగుతుగా చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడు ఊడిపోతుంది. ముందు చేత్తో ఎక్కించి, తర్వాత స్పానరుతో బిగించాలి. మూతి నిలువుగా రావాలని వెనక్కి తిప్పకూడదు, టేపు చెడి మళ్లీ కారుతుంది. ప్లాస్టిక్ పైపైతే బలం చూపకూడదు, మర చీలుతుంది. ఇత్తడి మర ఉన్న ఎల్బో వేస్తే నిలుస్తుంది.

చివరగా కుళాయి తెరిచి ఉంచి వాల్వును మెల్లగా తిప్పాలి. గాలి, తుప్పు పోయాక కట్టి, అతుకు చుట్టూ పొడి కాగితం అద్దితే తడి తెలిసిపోతుంది.

ఈ జాగ్రత్తలు తప్పవు

కుళాయి మూతికీ, తొట్టి అంచుకూ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. పురుగుమందు కలిపే డ్రమ్ములో గొట్టం కొస ముంచకూడదు. పని కాగానే గొట్టం తీసి పైన చుట్టి పెట్టాలి. కుళాయి కింద పడే నీరు అరటి పాదుకో, ఇంకుడు గుంతకో పోయేలా కాలువ తీస్తే బురద ఉండదు, దోమలూ చేరవు. వాషరు, టేపు కొన్ని రూపాయలకే వస్తాయి. ఒక జత ఇంట్లో ఉంచుకుంటే కారిన రోజే పని ముగుస్తుంది.